రిజిస్టర్‌లో లేని మనిషి: రేవు ఊళ్ళు, నర్సు చేసే పరిశోధన

(హైదరాబాద్‌లో నర్సింగ్ పీజీ విద్యార్థుల కోసం జరిగిన పరిశోధన సదస్సులో చేసిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ అమ్మాయిలు ముందుకొచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండి, రండి. నైట్ డ్యూటీ దిగి తిన్నగా ఇటే వచ్చినవాళ్ళు కూడా ఉన్నారని చెప్పారు. మీకు మధ్యలో కన్ను మూతపడితే పడనివ్వండి. ఆ నిద్ర విలువేంటో నాకు తెలుసు.

పొద్దున ఆటోలో వస్తూ డ్రైవర్‌ని అడిగాను, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి మీదుగా పోతామా బాబూ అని. ఆయన కొంచెం పెద్దాయన. "కోరంటి దవాఖానా? ఆ, గట్లనే పోతం" అన్నాడు. కోరంటి దవాఖానా! ఈ మాట మీలో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. చాలామందే విన్నారు. మరి కోరంటి అంటే ఏమిటి?

క్వారంటైన్. ఆ మాటే జనం నోట్లో నలిగి నలిగి కోరంటి అయింది. క్వారంటైన్ ఎక్కడిది? వెనిస్ రేవుది. వాళ్ళ భాషలో నలభై అని. ప్లేగు భయానికి, వచ్చిన ఓడని నలభై రోజులు ఒడ్డుకి దూరంగా నిలబెట్టేవాళ్ళు. అంతకంటే ముందే, 1377లో, రగూసా అనే రేవులో, ఇప్పుడు దాన్ని డుబ్రోవ్నిక్ అంటున్నారు, ముప్ఫై రోజులు ఆపాలని శాసనం చేశారు. చూడండి. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. ఈ ఊళ్ళో ఓడ కనపడదు, అల వినపడదు. ఓడల వాళ్ళ మాట మాత్రం నల్లకుంట ఆటో డ్రైవర్ నోట్లో ఉంది.

ఇదెందుకు చెప్తున్నానంటే, నన్ను పిలిచిన మేడమ్ గారు ఫోన్లో కాస్త మొహమాటపడుతూనే అడిగారు. "మా పిల్లలది నల్గొండ, కరీంనగర్, మెదక్. రేవుల సంగతి చెప్తే వీళ్ళకి పనికొస్తుందంటారా?" అని. న్యాయమైన ప్రశ్నే. నేను విశాఖపట్నం మనిషిని, నాకు సముద్రం ఇంటి వెనక పెరడు లాంటిది. మీకు కాదు. అయినా పనికొస్తుందనే వచ్చాను.

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. ఓడరేవు ఊరు. అక్కడి నుంచి రైళ్ళెక్కి, బస్తాల్లో దూరి, ఎలుకతో, దాని ఒంటి మీద రక్తం పీల్చే పురుగుతో లోపలి ఊళ్ళకి పాకింది. 1911లో హైదరాబాద్‌ని ఊపేసింది. ఇరుకు బస్తీలు సరిచెయ్యాలని ఇక్కడ 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారంటే, నాలుగేళ్ళ ముందటి మూసీ వరదతో పాటు ఆ ప్లేగు కూడా కారణం. అది పాత కథ అంటారా? సనత్‌నగర్‌లో కంటైనర్ డిపో ఉంది, చూసే ఉంటారు. రేవులో దిగిన పెట్టె సీలు తియ్యకుండా రైలు మీద అక్కడికొచ్చి విప్పుకుంటుంది. 1985లో అమెరికాలో హ్యూస్టన్ దగ్గర ఆసియా పులిదోమ కాపురం పెట్టేసిందని కనిపెట్టారు. ఎలా వచ్చింది? సెకండ్‌హ్యాండ్ టైర్లలో గుడ్లుగా వచ్చింది. టైర్లో నిలిచిన చారెడు నీళ్ళు చాలు. గుడ్డు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటుంది, తడి తగలగానే పిల్లయిపోతుంది. అంటే రేవు ఊరు ఎక్కడిదాకా ఉంది? పెట్టె ఎక్కడ విప్పితే అక్కడిదాకా ఉంది.

ఇటు నుంచి అటు కూడా ఉంది లెక్క. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది, సముద్ర సమాచార కేంద్రం. 2007 అక్టోబర్ నుంచి సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వస్తున్నాయి. మా బోటు నడిపే సరంగుకి ఏ దిక్కున చేప దొరకొచ్చో, రేపు అల ఎంత ఎత్తు లేస్తుందో చెప్పేది మీ ఊరే. మీ నిజాంపేట బస్సుల్లో తిరిగేవాళ్ళే చెప్తున్నారు. కాబట్టి సముద్రం మాది, మీకేం సంబంధం అని మీరూ అనకండి, నేనూ అనను.

ఇంకొక్కటి చెప్పి అసలు సంగతికి వస్తాను. బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ భవనం ఇంకా ఉంది, వెళ్ళి చూడండి. రాస్ పేరు అందరికీ తెలుసు. ఆ దోమలకి తన ఒంటి రక్తం ఇచ్చిన మనిషి పేరు తెలుసా? హుస్సేన్ ఖాన్. మలేరియాతో పడి ఉన్న రోగి. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారాయనకి. అణా సరిపోతుందా, అది న్యాయమా అనేది మీ ఎథిక్స్ క్లాసులో మాట్లాడుకోండి. నేను పట్టుకునేది ఒకటే. ఆయన పేరు ఇవాళ మన చేతికి అందిందంటే, ఎవరో రాసిపెట్టారు కాబట్టి అందింది. ఎవరిని రాసుకుంటున్నాం? ఎవరిని రాసుకోవడం లేదు? ఇవాళ నేను మాట్లాడేదంతా దీని గురించే.

రేవుల్లో జబ్బుల విషయంలో దేశాలన్నీ కట్టుబడాల్సిన కట్టడి ఒకటుంది, అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు. 2005లో రాసుకున్నారు, 2007 జూన్ 15 నుంచి అమలు. ఓడకి శానిటేషన్ సర్టిఫికెట్ ఉండాలి, ఆరు నెలలే చెల్లుతుంది. ఎలుకలు చూస్తారు, వంటగది చూస్తారు, తాగే నీళ్ళు చూస్తారు. పెద్ద రేవుల్లో కేంద్ర ప్రభుత్వపు పోర్ట్ హెల్త్ ఆఫీసులున్నాయి, విశాఖలోనూ ఉంది. మంచి వ్యవస్థ. నాకు దాని మీద ఫిర్యాదు లేదు. ఆ నిబంధనల్లో ఒక అంకె ఉంది, రాసుకోండి: 400 మీటర్లు. ప్రయాణికులు, సరుకులు, కంటైనర్లు మసిలే చోటు నుంచి కనీసం 400 మీటర్ల దాకా దోమ, ఎలుక లాంటివి లేకుండా చూడాలి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ పుట్టిన చోటు నుంచి మామూలుగా కొన్ని వందల మీటర్లు దాటి పోదు కదా, ఆ లెక్క.

ఆ 400 మీటర్ల గీత లోపల దోమకి కూడా లెక్క ఉంది. గీత బయట మనిషికి?

గీత బయట ఎవరుంటారు? జాలరిపేట ఉంటుంది. బోటు మీద కళాసీగా, అంటే పనివాడిగా, పోయే కుర్రాళ్ళుంటారు. సరుకు దింపే కూలీలుంటారు. రెండ్రోజులుగా లోడు కోసం కాచుకున్న లారీ డ్రైవరు, క్లీనరు ఉంటారు. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి రొయ్యలు వలిచే ప్లాంటుకి పోయే ఆడపిల్లలుంటారు. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి పోయే అమ్మలుంటారు. విశాఖలో రేవు 1933లో తెరిచారు. అప్పటి నుంచి ఓడలకి పుస్తకం ఉంది, సరుకుకి పుస్తకం ఉంది. వీళ్ళకి? మన పీహెచ్‌సీ రిజిస్టరు ఉందంటారా? ఉంది. నేను దాని గురించే చెప్పబోతున్నాను.

ఇది నా సొంత అనుభవం. నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు డిసర్టేషన్ కోసం చేపల రేవులో సర్వే పెట్టుకున్నాను. రక్తపోటు గురించి చేపలమ్మే ఆడవాళ్ళకి ఎంత తెలుసు అనేది అంశం. గట్టిగా రెండు వందల మందిని అడగాలి. గడువు దగ్గర పడింది. ఎక్కడ ఎక్కువమంది ఒక్కచోట దొరుకుతారు? వేలం దగ్గర. తెల్లారగట్ల అయిదింటికి వెళ్ళేదాన్ని. మీరెప్పుడూ చూసి ఉండరు, చెప్తాను. బోటు వచ్చి ఆగుతుంది. ఐసు గదిలోంచి చేప పైకొస్తుంది, రకం రకం కుప్పలు పోస్తారు. పాటగాడు పాట మొదలెడతాడు. ఒక్కో కుప్ప నిమిషంలో అయిపోతుంది. ఆ నిమిషంలో రేటు తప్పితే ఆ ఆడమనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. అప్పు తెచ్చిన డబ్బు చెంగున ముడేసుకుని నిలబడి ఉంటుంది. నేను ఆవిడ పక్కన ప్యాడ్ పట్టుకుని నిలబడి, "అమ్మా, ఉప్పు ఎక్కువ తింటే ఏమవుతుందో తెలుసా?" అని అడుగుతున్నాను.

ఒకావిడ నా వైపు చూడకుండానే అంది. "ఏటమ్మా, ఇప్పుడడిగితే ఏటి సెప్తాను? నోటికొచ్చింది సెప్పేత్తాను, నువ్వు రాసేసుకుంటావు. సేపలు అమ్ముడైపోనీ. అప్పుడు కూకుని మాటాడుకుందుం."

నేను ఆగలేదు. నాకు ఆ రోజు ఇరవై ఫారాలు కావాలి. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది. "మీకు బీపీ ఉందా?" పక్కన రెండు గళ్ళు. ఉంది. లేదు. "లేదమ్మా, నాకేటి బీపీ" అంది. లేదు అని టిక్కు పెట్టాను.

నాలుగు నెలలు తిరక్కుండా ఆవిడని మా వార్డుకే తీసుకొచ్చారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. గంప మోసిన మనిషి, గంపకి గుడ్డ చుట్ట చుట్టుకునే చెయ్యి. నేను డ్యూటీలో ఉన్నాను. ముందు గుర్తుపట్టలేదు. వాళ్ళ కోడలు నన్ను గుర్తుపట్టింది: "మీరు రేవులో రాసుకున్నారు కదా మేడమ్" అని. ఆ రాత్రి హాస్టల్‌కొచ్చి ఫారం తీసి చూశాను. బీపీ: లేదు. నా చేత్తో నేను పెట్టిన టిక్కు.

ఆవిడకి బీపీ లేదా? ఎవరు చూశారు? పుట్టిన దగ్గర్నుంచి ఆవిడ చేతికి బీపీ పట్టీ కట్టిన వాళ్ళు లేరు. ఆవిడ "లేదమ్మా" అన్నదానికి అసలు అర్థం "నాకు తెలీదు" అని. నా ఫారంలో తెలీదుకి గడి లేదు. చూపించుకోలేదుకి గడి లేదు. అందుకని అది "లేదు" అయిపోయింది. బీపీ చూసే యంత్రం నాకు లేక కాదు. హాస్టల్లో నా పెట్టెలో ఉంది. నా అంశం "అవగాహన" కాబట్టి తీసుకెళ్ళలేదు. డిగ్రీ వచ్చింది. ఆ పుస్తకం ఇప్పటికీ ఎక్కడో లైబ్రరీ అలమారాలో ఉంది, ఆ "లేదు" కూడా అందులోనే ఉంది.

ఇది మీ జాలి కోసం చెప్పడం లేదు. మీ ఫారాలు ఇవాళ రాత్రి తీసి చూసుకోండని చెప్తున్నాను. ఎన్ని చోట్ల "తెలీదు" అన్నది "లేదు"గా మారుతోందో చూసుకోండి. టీబీ ఉందా? లేదు. షుగర్ ఉందా? లేదు. కాన్పు ముందు అన్ని చెకప్‌లూ అయ్యాయా? అయ్యాయి. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, కాగితం ఉందా?

అక్కడ నుంచి నేను చేసిన మొదటి పని, గడియారం మార్చుకోవడం. మన క్లినిక్‌లు తొమ్మిదింటికి తెరుస్తాం, నాలుగింటికి మూస్తాం. రేవులో రోజు తెల్లారగట్ల మూడింటికి మొదలవుతుంది. పొద్దున తొమ్మిదికి ఆడవాళ్ళు ఊళ్ళో వీధుల్లో ఉంటారు, మధ్యాహ్నం రెండింటికి ఒక కునుకు తీస్తారు, నాలుగింటికి మిగిలింది ఎండబెడతారు. ఏటి మొగలో ఇసుక మేటేసిన చోట అయితే గడియారం కూడా కాదు, పోటు వస్తేనే పడవ కదులుతుంది. అది రోజూ ఒక్క వేళకి రాదు, రోజురోజుకీ ఆలస్యమవుతూ పోతుంది. మన ఏఎన్ఎమ్, ఊళ్ళో ఇంటింటికీ తిరిగే నర్సమ్మ, ప్రతి బుధవారం పది గంటలకి వెళ్తుంది. ఇల్లు తాళం. రిజిస్టర్‌లో రాస్తుంది: "ఇంట్లో లేరు." ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమెకి ఇచ్చిన టైము అది. కానీ మూడు బుధవారాలు అలా రాశాక ఏమవుతుంది? ఆ ఇంటివాళ్ళు "మాట వినని కేసు" అవుతారు. మందులు మానేసేవాళ్ళు అని పేరు పడుతుంది. వాళ్ళు మందులు మానెయ్యలేదు, మనం వాళ్ళ వేళకి వెళ్ళలేదు.

మగవాళ్ళ సంగతి చూడండి. మరబోటు ఒకసారి లోపలికి పోతే పది పదిహేను రోజులు రాదు. ఏడెనిమిది మంది ఉంటారు. 2017 చివర్లో మన దేశంలో రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదలెట్టిన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. నెల రోజుల మాత్రలు ఒకేసారి చేతిలో పెట్టడం మంచిదని అందులో మీ వాళ్ళు నేర్చుకున్నారు, మేమూ నేర్చుకున్నాం. సరే, నెల మాత్రలు ఇచ్చాం. అతను ఎక్కడ పెట్టుకుంటాడు? జేబులో పెడితే వల లాగేటప్పుడు తడుస్తుంది. బోటు మీద పొడిగా ఉండే చోటు ఇంజిన్ దగ్గర, అక్కడ కొలిమిలా ఉంటుంది. కాగితప్పొట్లంలో కట్టిచ్చిన మాత్ర ఉప్పుగాలికి చెమ్మెక్కి పొడైపోతుంది. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. బోటెక్కి అడిగితే తెలుస్తుంది. మూత గట్టిగా పడే చిన్న డబ్బా, అందులో రేకు మాత్రలు, సరంగు చేతిలో ఒక చీటీ. దీనివల్ల మాత్ర వేసుకునేవాళ్ళు పెరుగుతారా? ఇది పరిశోధన ప్రశ్న కాదా? నన్నడిగితే దీనికంటే మంచి నర్సింగ్ పరిశోధన ప్రశ్న లేదు.

ఆడవాళ్ళకి ఇంకొకటి. బీపీకి నీళ్ళ మాత్ర రాస్తారు. అది వేసుకుంటే మాటిమాటికీ బాత్రూంకి పోవాలి. మార్కెట్‌లో బాత్రూం లేదు, ఉన్నా తలుపు సరిగ్గా పడదు. ఆవిడేం చేస్తుంది? పొద్దున మాత్ర వెయ్యదు. వేసినా నీళ్ళు తాగదు. మే నెల ఎండలో, తారురోడ్డు మీద, నీళ్ళు తాగకుండా ఎనిమిది గంటలు. తర్వాత మూత్రంలో మంటతో మన దగ్గరికొస్తుంది. మనం యాంటీబయాటిక్ రాసి, "నీళ్ళు బాగా తాగమ్మా" అని చెప్పి పంపిస్తాం. ఆవిడకి నీళ్ళు తాగాలని తెలియకనా?

ఇక్కడ మీకు కాస్త కష్టంగా ఉండే మాట చెప్తాను, ఏమనుకోకండి. మన నర్సింగ్ డిసర్టేషన్లు తీసి పేర్లు చూడండి. "ఎంపిక చేసిన ప్రాంతంలో, ఫలానా వారిలో, ఫలానా విషయంపై అవగాహన మీద, స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం." ప్రీ టెస్ట్ పెడతాం. ముప్పావు గంట చార్టులు చూపించి చెప్తాం. ఏడో రోజు పోస్ట్ టెస్ట్. మార్కులు పెరుగుతాయి. ఎప్పుడైనా తగ్గాయా? చెప్పిన ప్రశ్నలే అడిగితే ఎవరికైనా పెరుగుతాయి. దాంతో మన పని అయిపోయింది. ఆ అవగాహన పెరిగిన మనిషి బీపీ తగ్గిందా? ఆరు నెలలకి ఎక్కడుంది? బతికుందా? మనం మళ్ళీ వెళ్ళం. నేనూ వెళ్ళలేదు. టైము లేదు, డబ్బు లేదు, గైడ్ ఒప్పుకోరు, అన్నీ నిజమే. నాకు తెలుసు, ఇప్పుడు నేనూ గైడ్‌నే. కానీ పేదవాళ్ళకి తెలియకే జబ్బులొస్తున్నాయనే నమ్మకం మన ఫారాల్లోనే ఉంది. తెలియకపోవడం కొంత. చాలావరకు వీలుకాకపోవడం. వీలుకాకపోవడాన్ని కొలవండి. ఎన్ని అడుగుల దూరంలో బాత్రూం ఉంది, కొలవండి. ఎన్నింటికి క్లినిక్ తెరిస్తే ఎంతమంది వస్తారు, ఒక నెల తెల్లారగట్ల, ఒక నెల సాయంత్రం తెరిచి లెక్కపెట్టండి.

ఫ్లోరెన్స్ నైటింగేల్ బొమ్మకి మే 12న దండ వేస్తాం, దీపం పట్టుకుని ప్రమాణం చేస్తాం. ఆవిడ 1854 నవంబర్‌లో దిగిన స్కుటారి ఎక్కడుంది? నీటి ఒడ్డున. గాయపడ్డ సైనికుల్ని ఓడల మీద నల్లసముద్రం దాటించి తెచ్చి అక్కడ దింపేవాళ్ళు. చావుల లెక్కలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఆవిడ ఆ లెక్కలన్నీ సరిచేసి, 1858లో రంగుల పటం గీసి చూపించింది: తూటాకి చచ్చినవాళ్ళు కొద్ది, మురికి వల్ల వచ్చిన జబ్బులకి చచ్చినవాళ్ళే ఎక్కువ అని. దీపం సరే. ఆవిడ చేతిలో ఉన్న పుస్తకం సంగతేంటి?

ఉప్పు దగ్గరికి వస్తాను, ఇది ముఖ్యం. ఉప్పు తగ్గించమ్మా అని చెప్తాం కదా. ఎక్కడి ఉప్పు? బంగ్లాదేశ్‌లో ఖుల్నా జిల్లా దాకోప్‌లో గర్భిణుల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. సముద్రం పక్క ఊళ్ళు, చెరువుల్లోకి, బోర్లలోకి ఉప్పు ఎక్కేసింది. వానాకాలంలో తాగే నీళ్ళ ద్వారా ఒంట్లోకి పోయే సోడియం రోజుకి 0.6 నుంచి 1.2 గ్రాములు. ఎండాకాలంలో 5 నుంచి 16 గ్రాములు. ఒక్క నీళ్ళలోంచే! మొత్తం తిండితో కలిపి 2 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆ ఎండు నెలల్లోనే గర్భిణులకి బీపీ ఎక్కువగా కనపడింది. ఇప్పుడు ఆ గర్భిణికి మనం వెళ్ళి ఊరగాయ తినొద్దని టీచింగ్ ప్రోగ్రామ్ పెడితే ఏం ప్రయోజనం? మన తీరంలోనూ మంచినీళ్ళు ఉప్పగిల్లాయని ఆడవాళ్ళు చెప్తూనే ఉంటారు. ఏఎన్ఎమ్ దగ్గర బీపీ యంత్రం ఉంది, తల్లీబిడ్డల వివరాలు రాసే ఎంసీపీ కార్డు ఉంది. నీళ్ళ ఉప్పదనం చూసే చిన్న మీటరు పెన్నులాగా ఉంటుంది, చవకే. ఆ కార్డులో ఒక్క గడి పెంచండి: ఏ నీళ్ళు తాగుతోంది, ఎంత ఉప్పు. రెండేళ్ళు రాయండి. చూద్దాం.

జాగ్రత్త కూడా చెప్పాలి. శ్రీకాకుళం తీరంలో ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, ఆ వైపు. కొబ్బరి తోటలు, జీడితోటలు, చూస్తే కళ్ళు చల్లబడతాయి. ఆ తోటల్లో ఇంటికో కిడ్నీ రోగి అన్నట్టుంటుంది. నీళ్ళన్నారు, మందులన్నారు, ఎండలో పని అన్నారు, ఇంకా చాలా అన్నారు. ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో పరిశోధన కేంద్రం, ఆస్పత్రి తెరిచారు. ఆ ఊళ్ళవాళ్ళు ఎన్నిసార్లు రక్తం ఇచ్చారో, ఎన్నిసార్లు మూత్రం సీసాలు నింపిచ్చారో వాళ్ళకే లెక్కలేదు. వాళ్ళు అడిగే మాట ఒక్కటే, "మా రిపోర్టేది?" అని. మీరు ఎవరి రక్తమైనా తీసుకుంటే, ఫలితం వాళ్ళకి వాళ్ళ మాటల్లో చెప్పి రండి. అది మీ సినాప్సిస్‌లో, పరిశోధనకి ముందు ఇచ్చే ప్రణాళికలో, ఒక పేజీగా ఉండాలి, ఎవరూ అడక్కపోయినా ఉండాలి.

రేవు ధూళి గురించి కొంచెం. విశాఖ పాత ఊళ్ళో డాబా మీద బట్టలారేస్తే నల్లబడతాయన్నది ఏళ్ళ తరబడి వింటున్న గోడు. బొగ్గు, ఇనుప ఖనిజం. కంటికి కనపడే ధూళి చాలావరకు ముక్కు, గొంతు దగ్గరే ఆగుతుంది. కనపడనిదే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. అందుకని బట్టల మీది నలుపు చూసి ఆగిపోకూడదు. ఊపిరి ఎంత జోరుగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటరు ఊదించండి. ఊదించేటప్పుడు బీడీ అడగండి, పొయ్యి అడగండి, చేపలు పొగబెడతారేమో అడగండి. అవి అడక్కుండా రేవు మీద తోసేస్తే ఎవరూ నమ్మరు.

కాకినాడలో లంగరేసిన ఓడల దగ్గరికి బార్జీల మీద బియ్యం బస్తాలు పోతాయి. మోసేవాళ్ళ వీపులు చూశారా మీరు? మగమనిషి చేత 55 కిలోలకి మించి మోయించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు 1967 నాటిది. నడుము నొప్పికి మన దగ్గరికొచ్చిన మనిషిని, బస్తా ఎంత బరువు, రోజుకి ఎన్ని, అని అడిగి కేస్ షీట్‌లో రాసిన నర్సు ఉందా ఈ హాల్లో? ఉంటే ఆమెకి నా దండం.

వాళ్ళకి తెలిసినవి కూడా మనం నేర్చుకోవాలి. ఒకసారి ఒక కళాసీని అడిగాను, తోకలో విషపు ముల్లుండే టేకు చేప గుచ్చుకుంటే ఏం చేస్తావు నాయనా అని. "ఓర్సుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి పెట్టేత్తామమ్మా, పోటు లాగేత్తది" అన్నాడు. నేను నాటువైద్యం అనుకున్నాను. తర్వాత చదివితే అదే అసలు ప్రథమ చికిత్స. ఆ విషం ప్రోటీన్, వేడికి దాని బలం పోతుంది. 45 డిగ్రీలు మించకూడదు, గంట, గంటన్నర దాకా ఉంచొచ్చు. మరి మనం ఎక్కడ పనికొస్తాం? నొప్పికి స్పర్శ పోయిన చేతిని మరీ మరిగిన నీళ్ళలో పెట్టి కాల్చుకుంటారు. పక్కవాడు ముందు తన చెయ్యి పెట్టి చూసి చెప్పాలి. ముల్లు ముక్క లోపల ఉండిపోతే కుళ్ళుతుంది. టీటీ, అంటే ధనుర్వాతం రాకుండా వేసే సూది, వేయించుకుని ఉండరు. అతని తెలివికి మన తెలివి కలపాలి.

చివరగా వలస. ఉత్తరాంధ్ర కుర్రాళ్ళు గుజరాత్‌లో వేరావల్ రేవుకి పోతారు, నెలల తరబడి బోట్ల మీద పనిచేస్తారు. 2020 లాక్‌డౌన్‌లో వేలమంది అక్కడే, బోట్ల మీదే ఇరుక్కుపోయారు. తర్వాత బస్సులు పెట్టి తెచ్చారు, రోజుల ప్రయాణం. వాళ్ళు ఎవరి రిజిస్టర్‌లో ఉన్నారు? శ్రీకాకుళంలో అడిగితే "ఊళ్ళో లేరు." వేరావల్‌లో అడిగితే "ఇక్కడివాళ్ళు కాదు." టీబీ మందు ఇక్కడ మొదలెట్టిన కుర్రాడు అక్కడ రెండో నెలలో ఏం చేస్తాడు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో వేట నిషేధం, 61 రోజులు. మా ఊళ్ళలో మగవాళ్ళు ఒడ్డున దొరికే కాలం అదొక్కటే. ఆ 61 రోజులు మన కాలేజీలకి వేసవి సెలవులు! నేను నాలుగేళ్ళ నుంచి చెప్తున్నాను, ఆ సెలవులు అటూ ఇటూ జరపండి, పీజీ పిల్లల్ని అప్పుడు పంపండి అని. ఇవాళ మీ ప్రిన్సిపాల్ గారు ముందు వరసలో కూర్చున్నారు కాబట్టి మళ్ళీ చెప్తున్నాను.

ఒక మాట గుర్తుపెట్టుకోండి, పేటల్లో ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. మీరు ఒక ఇంటి ముందు నిలబడి గట్టిగా "టీబీ మందు వేసుకుంటున్నారా" అని అడిగితే సాయంత్రానికి పేటంతా తెలుస్తుంది, ఆ ఇంటి పిల్ల పెళ్ళి ఆగిపోతుంది. హెచ్ఐవీ సంగతైతే చెప్పక్కర్లేదు. లోపలికి వెళ్ళి కూర్చోండి. కూర్చుని మాట్లాడండి.

ఆ పక్షవాతం వచ్చినావిడ గురించి అడుగుతారని నాకు తెలుసు. డిశ్చార్జ్ అయ్యాక వాళ్ళ ఇంటికి వెళ్ళాను. చాలాసార్లు వెళ్ళాను. మాట కొంచెం వచ్చింది, చెయ్యి రాలేదు. గంప కోడలు ఎత్తుకుంది. నేను వెళ్ళిన ప్రతిసారీ కోడలు చేతికి కూడా పట్టీ కట్టేదాన్ని, ఆవిడ పక్కనుండి చూసేది. మూడోసారో నాలుగోసారో కోడలి బీపీ ఎక్కువ చూపించింది. ఆవిడ ఎడం చేత్తో నా పెన్ను వైపు చూపించి, "రాయి" అంది. అంత స్పష్టంగా ఆవిడ నోట విన్న మాట అదే.

టైము అయిపోయిందని చూపిస్తున్నారు. మీలో నలుగురు వచ్చే నెల డేటా కోసం మచిలీపట్నం వైపు వెళ్తున్నారని విన్నాను. మీరు నలుగురూ టీ తాగాక నా దగ్గరికి రండి. పోటు వేళల పట్టిక నా బ్యాగ్‌లో ఉంది. ఫారాలు కూడా తెచ్చుకోండి, గళ్ళు ఎన్ని ఉన్నాయో కూర్చుని చూద్దాం.